బొంత కరిచిన చెయ్యి

సముద్రం అడుగున ఉద్యోగం చేసి పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి మా చోడవరంలో నేనొక్కణ్ణే. ఏం చేశావని ఎవరైనా అడిగితే "రేవులో పని" అంటాను. గుమాస్తా అనుకుంటారు. అనుకోనిస్తాను. చెరకు తోటల మధ్య కూర్చుని నీళ్ళ కింద ఇనుము కోశానంటే, ముసలాడికి మతి చలించిందనుకుంటారు.

ఈ మధ్య కాలం మారింది. వీపుకి గాలి సిలిండరు కట్టి టూరిస్టులను సముద్రంలోకి దింపి చేపలను చూపించే ఉద్యోగాలు విశాఖపట్నంలో వచ్చాయి. రావికమతం నుంచి ఒక కుర్రాడు, చీడికాడ నుంచి ఒక అమ్మాయి ఆ పనిలో చేరబోతూ నన్ను చూడటానికి వచ్చారు. చేతిలో రంగుల బొమ్మల పుస్తకం. చేపల పేర్లన్నీ ఇంగ్లీషులో బట్టీ పడుతున్నారు. "తాతా, గ్రూపర్ అనే సేపని ఎప్పుడైనా సూసేవా?" అని ఆ అమ్మాయి అడిగింది. పుస్తకంలో బొమ్మ చూశాను. పెద్ద నోరు, ముందుకి పొడుచుకొచ్చిన కింది దవడ, ఎవరిమీదో అలిగినట్టున్న మొహం. చూడకపోవడమేమిటి, దాని పేరు తెలియక మా అప్పన్న ఉద్యోగం పోగొట్టుకోబోయాడు.

వాళ్ళకి ఆ పూట సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను, అందులో మీరు నేర్చుకునేదేమీ లేదు.

బావి నుంచి రేవుకి

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో మాట. అప్పటికి నాకు మీసాలు సరిగా రాలేదు. మా వైపు పొలాల్లో దిగుడు బావులు, మోట బావులు ఎక్కువ. బిందె పడినా, మోట తాడు తెగి బాన మునిగినా నన్ను పిలిచేవారు. ఊపిరి బిగబట్టి దిగి, అడుగున బురదలో చేత్తో తడిమి, దొరికినదాన్ని తెచ్చి గట్టున పెట్టేవాణ్ణి. కూలికింద బెల్లం ముక్కో, వేడి అన్నమో పెట్టేవారు.

కె.కోటపాడులో ఇదే విద్య ఉన్నవాడు ఇంకొకడున్నాడని వినేవాణ్ణి. పేరు అప్పన్న. ఒక పెళ్ళివారి బావిలో గొలుసు పడితే, ఆడపెళ్ళివారు నాకు, మగపెళ్ళివారు అతనికి కబురు పెట్టారు. ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళం దిగాం. అడుగున చీకట్లో రెండు బుర్రలూ ఠప్పున తగిలాయి. పైకొచ్చాక ఇద్దరికీ నుదుటి మీద బొప్పి. పెళ్ళివారు గొలుసు సంగతి మరిచిపోయి పడీపడీ నవ్వారు. ఆ బొప్పితో మొదలైన స్నేహం మాది.

రేవులో మునిగిన పడవలు ఎత్తే కంపెనీ ఒకటి చీకటి నీళ్ళంటే భయం లేని మనుషుల కోసం వెతుకుతోందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. అక్కడ పెద్ద డైవరు ఖాదర్ మేస్త్రి. అనకాపల్లి మనిషి. తెల్ల గడ్డం, చెవులు సగం వినబడవు. ఏళ్ళ తరబడి నీటి ఒత్తిడికి పోయాయని చెప్పేవాడు. మా కళ్ళకి గంతలు కట్టి, నీళ్ళ తొట్టిలో చేతులు పెట్టించి, ముళ్ళు పడిన తాడొకటి ఇచ్చి విప్పమన్నాడు. నేను లాగి లాగి బిగించేశాను. అప్పన్న ముడిని వేళ్ళతో నిమిరి నిమిరి, ఎటు తిరిగిందో తెలుసుకుని, అప్పుడు విప్పాడు. "ఈ గుంటడికి సేతుల్లో కళ్ళున్నాయి. నీకు సేతుల్లో బలం ఉంది. ఇద్దరూ పనికొస్తారు" అన్నాడు మేస్త్రి.

అప్పటి డైవింగు ఇప్పటి మీ షోకు డైవింగు కాదు. రబ్బరు గుడ్డ దుస్తులు, గుండెల మీద సీసపు బరువులు, కాళ్ళకు సీసపు బూట్లు, నెత్తిన ఇత్తడి టోపీ. ఆ టోపీకి మూడు వైపులా అద్దాలు. పడవ మీద ఇద్దరు మనుషులు చక్రం తిప్పుతుంటే గొట్టంలోంచి గాలి దిగేది. నడుముకి ప్రాణతాడు. టోపీలో ఫోను, దానికి పడవ మీద చిన్న పెట్టె. కింద మనిషి మాట్లాడితే పైన అందరికీ వినబడేది. ఆ పెట్టె దగ్గర కూర్చునేవాడు పోలయ్య. జాలరిపేట మనిషి, మాకంటే పదేళ్ళు పెద్ద. మేమిద్దరం పోలయ్య మావ అనేవాళ్ళం, అతను మమ్మల్ని బాబూ అనేవాడు. అతని గొంతు వినబడుతుంటే కింద ఎంత చీకటైనా మాకు ధైర్యంగా ఉండేది. ఆ రబ్బరు వాసన, తారు వాసన, పోలయ్య చుట్ట వాసన కలిసి ఇప్పటికీ ఒక్కోసారి కల్లోకి వస్తాయి. లేచి కూర్చుంటే చుట్టూ చెరకు తోట వాసన. మనసు పాడవుతుంది కాసేపు.

ఖాదర్ మేస్త్రి మాకు నేర్పినది చాలా తక్కువ మాటల్లో నేర్పాడు. "నీళ్ళలో నువ్వు సుట్టానివిరా. ఇల్లు వాళ్ళది. గుమ్మానికి అడ్డంగా నిలబడకు. అడక్కుండా సెయ్యెట్టకు." వాళ్ళంటే చేపలు, పీతలు, పాములు. మేం అప్పుడు నవ్వాం.

పేరొకటి, వస్తువులు రెండు

ఒక తుఫానుకి రేవు బయట రాళ్ళ కట్ట పక్కన సరుకు మోసే బార్జి ఒకటి మునిగింది. ఎవరి సొత్తు, ఎవరు ఎత్తాలి అన్న తగాదా తెమలక చాలాకాలం అలాగే ఉండిపోయింది. చివరికి మా కంపెనీకి అప్పగించారు. పద్ధతి ఏమిటంటే, పక్కల్లో ఉన్న చిల్లులన్నీ మూసి, లోపలి నీళ్ళు పంపులతో తోడేస్తే బార్జి దానంతటదే తేలుతుంది. చిల్లులు మూయడానికి ఏం వాడేవాళ్ళమో తెలుసా? బొంతలు. మన ఇళ్ళలో పాత చీరలన్నీ పొరలు వేసి కుట్టుకుంటామే, ఆ బొంతలే. వాటికి కొవ్వు, తారు పట్టించి చుట్టగా చుట్టి చిల్లులో కుక్కి, పైన చెక్క బిగించేవాళ్ళం. గట్టి బొంతల కోసం అప్పన్న తన ఊరి చుట్టుపక్కల ఇల్లిల్లూ తిరిగి తెచ్చేవాడు. నీళ్ళలో ఏ బొంత ఎక్కడ కుక్కామో అతనికి చేతి గుర్తు. మా అందరిలో బొంతల పని అతనిదే.

ఒకరోజు పొద్దున్నే అప్పన్న దిగాడు. బార్జి వెనక వైపు సరుకు గదిలో పక్క రేకుకి పెద్ద చిల్లు ఉంది. ఆ గది కొలతలు తీసుకుని, చిల్లుకి ఎంత బొంత కావాలో చెప్పాలి. అంతకుముందు రోజు సాయంత్రం పోలయ్య అదే చోట గేలం వేశాడట. ఏదో పెద్దది పట్టి, దారాన్ని గదిలోకి లాక్కుపోయి తెంపేసింది. తెంపిన తీరు చూసి అదేం చేపో అతనికి తెలిసిపోయింది. అప్పన్న గది గుమ్మం దగ్గరికి చేరగానే పోలయ్య ఫోనులో అన్న మాట నా చెవులారా విన్నాను.

"బాబూ, ఆ గదిలోన పెద్ద బొంతుంది. సూసుకో."

"సరే మావా, సూస్తాను" అన్నాడు అప్పన్న.

పోలయ్య ఊరిలో బొంత అంటే చేప. రాళ్ళ గుహల్లో కాపురముండే పెద్దనోటి చేప. అప్పన్న ఊరిలో బొంత అంటే కప్పుకునేది. సముద్రానికి, కె.కోటపాడుకి మధ్య ఎంత దూరమని? అంతలోనే మాట మారిపోయింది. ఎవరో ముందే బొంత కుక్కి పెట్టారు, గట్టిగా ఉందో లేదో చూసుకోమంటున్నాడు అనుకున్నాడు అప్పన్న. గదిలో చీకటి. మెత్తగా, నున్నగా ఏదో చేతికి తగిలింది. బొంతే, కానీ వదులుగా ఉంది అనుకుని, నాలుగు వేళ్ళూ పెట్టి లోపలికి నొక్కాడు.

పెట్టెలోంచి 'ధుమ్' అని ఒక చప్పుడు వచ్చింది, డప్పు మీద ఒక్క దెబ్బ వేసినట్టు. వెనకే అప్పన్న కేక. ప్రాణతాడు పిచ్చిపట్టినట్టు కదిలింది. అందరం కలిసి లాగాం. పైకి తెచ్చి టోపీ విప్పితే మొహం సున్నంలా ఉంది. కుడి చేతికి వేసుకున్న గుడ్డ తొడుగు ఊడిపోయింది. మణికట్టు దాకా చర్మం గీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఏటయింది బాబూ?" అన్నాడు పోలయ్య.

"బొంత కరిసింది" అన్నాడు అప్పన్న.

పోలయ్యకి అందులో వింతేమీ లేదు. బొంత కరుస్తుంది మరి. పంపు తిప్పేవాళ్ళు మాత్రం మావైపు వాళ్ళే. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వారు. ఒకడు, "దుప్పటి కరవలేదు నయం" అన్నాడు. నెత్తురు కారుతున్న మనిషి ముందు నవ్వకూడదని తెలిసినా నాకూ పెదవి ఆగలేదు.

ఆ నవ్వుల్లోకి వచ్చాడు మేనేజరు. గోదావరి జిల్లా మనిషి, ఇస్త్రీ చొక్కా, చెడ్డవాడేం కాదు. పని త్వరగా తెమలాలని పైనుంచి రోజూ తిట్లు తింటున్నవాడు.

"ఏవిటయ్యా గోల?"

"బొంత కరిసిందండి" అన్నాడు అప్పన్న మళ్ళీ. పాపం, అతనికి తోచిన మాట అదొక్కటే.

మేనేజరు అతని దగ్గరగా వెళ్ళి వాసన చూశాడు. తారు కరిగించేచోట పని చేసేవాడి దగ్గర ఏ వాసనైనా రావచ్చు. "తాగి దిగాడు. చెయ్యి ఇనుముకి గీరుకుంది. రేపటినుంచి రావద్దని చెప్పండి" అని మేస్త్రితో అనేసి వెళ్ళిపోబోయాడు.

డైవరు తాగి దిగాడన్న మాట ఒక్కసారి పడితే ఆ తీరంలో ఏ కంపెనీ అతనికి టోపీ తొడగదు. గాలి తిప్పేవాళ్ళు అతని కోసం చక్రం పట్టరు. అప్పన్నకి పొలం లేదు. కె.కోటపాడు తిరిగి వెళితే మళ్ళీ బావుల్లో బిందెలే. అదీ తాగుబోతన్న పేరుతో.

ఖాదర్ మేస్త్రి మేనేజరు వెనకాలే నాలుగడుగులు నడిచాడు. "అయ్యా, బొంతంటే సేపండి. మావోడు తాగలేదు."

"చేపైతే చేపని చూపించవయ్యా. నేను నమ్ముతాను" అన్నాడు మేనేజరు. "రేపు సాయంత్రందాకా చూస్తాను."

గదిలో కాపురం

ఈటె తీసుకుని దిగి దాన్ని పొడిచి తెస్తానని నేను ఎగిరాను. ఆ మధ్యే ఒక విదేశీ ఓడ ఇంజనీరు దగ్గర కంపెనీవారు వీపు సిలిండర్ల సెట్టొకటి, దాన్ని నింపే యంత్రంతో సహా కొన్నారు. నోట్లో గొట్టం పెట్టుకుని, పడవ నుంచి గొట్టాలూ తాళ్ళూ లేకుండా చేపలా ఈదొచ్చు. నేర్చుకున్నది నేనొక్కణ్ణే. వయసులో ఉన్న గర్వం.

ఖాదర్ మేస్త్రి ఈటె లాక్కుని పడవ అడుగున పారేశాడు. "ఆ ఇరుకు గదిలో అంత సేపని పొడిస్తే అది నిన్ను ఈటె తాడుతో సహా ఇనుముకి సుట్టేస్తాది. రేపు రెండు శవాలు తియ్యాలి నేను. ముందు సూసిరా. అదేటో, ఎంతో, ఎటునించి తిరుగుతందో సెప్పు. సేతులు సంకల్లో ఎట్టుకుని ఎల్లు."

చేతులు చంకల్లో పెట్టుకునే వెళ్ళాను. అవి నీళ్ళు తేటపడే రోజులు. అంతకాలం ఆ బార్జి మీద సీసపు బూట్లతో నడిచి, బురద రేపి, తడుముకుని పనిచేశాను కానీ దాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాను. అబ్బ, ఏం చెప్పను. గది గుమ్మం పైకప్పు నిండా వేలెడేసి చిన్న చేపలు. పొట్టలు పైకప్పు వైపు పెట్టుకుని తలకిందులుగా తిరుగుతున్నాయి. ముందు బూడిదరంగుగా కనిపించాయి. నడుముకి కట్టుకున్న లైటు వెయ్యగానే బంతిపూల రేకులు చల్లినట్టు నారింజ రంగు భగ్గుమంది. ఆ మందలో ఒక్కటి మాత్రం వేరే రంగు, ఊదా. రెక్క మీద పొడుగాటి పోగు. నేను దగ్గరికి వెళ్ళగానే అన్నీ ఒక్కసారి సందుల్లోకి దూరి, నేను కదలకుండా ఉంటే ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. మీ పుస్తకంలో వీటిని బాస్లెట్లంటున్నారు. ఆ ఊదా రంగుది మగది, మిగతావి దాని ఇల్లాళ్ళు. అది పోతే ఆడవాటిలో పెద్దది మగదిగా మారుతుందని ఎన్నో ఏళ్ళ తర్వాత చదివాను. ఆ రోజు నాకదేమీ తెలియదు. నోట్లో గొట్టం లేకపోతే నోరు తెరుచుకునే ఉండిపోయేది.

వాటి వెనకాల, గది లోపల, గుమ్మానికి ఎదురుగా బొంత.

గడ్డం ఒక ఇనుప దూలానికి ఆనించి కూర్చున్నట్టుంది. పొడవు నా అంత ఉంటుంది. గోధుమరంగు ఒంటి మీద ముదురు మచ్చలు. నేను చూస్తుండగానే ఒళ్ళంతా ముదిరి నల్లబడింది, మళ్ళీ లేతబడింది. మొప్పలు నెమ్మదిగా ఆడుతున్నాయి. పెదవి మూల పోలయ్య గేలం ముక్క వేలాడుతోంది.

ఇక్కడ మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు చెప్పాలి. కొత్తవాళ్ళు దీన్ని చూసి పండుగప్ప అనుకుంటారు. పండుగప్ప వెండిలా మెరుస్తుంది, నుదురు లోపలికి నొక్కినట్టుంటుంది, ఒకచోట కుదురుగా ఉండదు. బొంతకి రంగు నమ్మకండి, అది మారుతుంది. వీపు మీద రెక్క చూడండి. ముందు ముళ్ళు, వెనక మెత్తన, రెండూ కలిసి ఒకటే రెక్క. తోక చివర గుండ్రంగా ఉంటుంది. ఆ కింది దవడ సంగతి చెప్పనే చెప్పాను. అన్నిటికన్నా ముఖ్యం, దానికి ఇల్లుంటుంది. ఇంటి గుమ్మంలో మీరు నిలబడితే దానికి వేరే దారి లేదు. వీపు రెక్క నిక్కబొడుచుకుని, నోరు తెరిచి, ఒళ్ళు విదిలించి 'ధుమ్' అంటే, తప్పుకో అని మర్యాదగా చెబుతోందని అర్థం. అప్పన్నకీ చెప్పింది. ఇత్తడి టోపీలో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది.

ఈమధ్య కొందరు గైడ్లు టూరిస్టులకి ముచ్చటగా ఉంటుందని ఉడికించిన కోడిగుడ్డు తీసుకెళ్ళి బొంత నోటికి అందిస్తున్నారని ఆ రావికమతం కుర్రాడు చెప్పాడు. వాళ్ళకి బుద్ధి ఉందా? చెయ్యి అంటే తిండి అని దానికి నేర్పుతున్నారు. రేపు ఉత్త చెయ్యి చూసి వస్తుంది. ఎవడో ఈటె పట్టుకుని దిగితే వాడి దగ్గరికీ వస్తుంది. చేపని మచ్చిక చేశామని మురిసిపోయేవాడు నా లెక్కలో డైవరే కాదు. దూరంగా, పక్కగా, చేతులు ముడుచుకుని ఉండండి. దానికి ఇష్టమైతే అదే వచ్చి మిమ్మల్ని చూసి వెళుతుంది. లైటు కూడా దాని కళ్ళలోకి కొట్టకండి.

పైకి వచ్చి చూసినదంతా చెప్పాను. "అదే బొంత. నా గేలం దాని మూతికే ఉంది గదా" అన్నాడు పోలయ్య సంతోషంగా. ఉన్నా ఏం లాభం, మేనేజరుకి చూపించేదెలా?

మేనేజరు వేలు

మర్నాడు మధ్యాహ్నం పోలయ్య భార్య తట్ట నెత్తిన పెట్టుకుని మా ఆఫీసు షెడ్డుకి వచ్చింది. ఒడ్డున వలలో పడిన బొంతని, మూరెడు పిల్లని, మొగుడు చెప్పాడని తెచ్చింది. ఖాదర్ మేస్త్రి దాన్ని మేనేజరు బల్ల మీద అరిటాకులో పెట్టాడు. పక్కన అప్పన్న కట్టు విప్పిన చేత్తో నిలబడ్డాడు.

"ఇదీ బొంతండి" అన్నాడు మేస్త్రి.

మేనేజరు అటూ ఇటూ తిప్పి చూశాడు. కుతూహలం ఉన్న మనిషి. ఎవరూ చెప్పకుండానే దాని నోట్లో చూపుడువేలు పెట్టాడు. లోపలికి తేలిగ్గానే పోయింది. తియ్యబోతే రాలేదు. బొంత పళ్ళు లోపలి వైపు వాలి ఉంటాయి, పోనిస్తాయి గానీ రానివ్వవు. గట్టిగా లాగేసరికి వేలి చుట్టూ సన్నసన్నని గీతలు పడ్డాయి.

"కొబ్బరి కోరాములా ఉందేవిటయ్యా ఇది" అన్నాడు. తన వేలు చూసుకున్నాడు. అప్పన్న చెయ్యి పట్టుకుని దగ్గరగా చూశాడు. గీతలు ఒకటే తీరు, అన్నీ వేళ్ళ కొసల వైపే సాగాయి. ఇనుము కోస్తే అలా ఉండదు. తర్వాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. "మా ఆవిడకి ఉత్తరం రాస్తానయ్యా. ఇక్కడ బొంతలు కరుస్తాయి, పిల్లల్ని తీసుకురావద్దని."

నవ్వు ఆగాక ఇంకో మాట అన్నాడు. "తాగాడన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ గదికి మాత్రం మళ్ళీ ఇతనే దిగాలి. దిగలేనంటే ఇతన్ని ఉంచుకుని నేనేం చేసుకోను? భయపడ్డ డైవరు పక్కవాడికీ ప్రమాదమే కదా."

ఆ మాట అప్పుడు నాకు రాయిలా తగిలింది. పెద్దవాణ్ణయ్యాక, నా కింద మనుషులు దిగడం మొదలయ్యాక, ఆయన అన్నది సరైనదేనని తెలిసింది. తప్పు తెలిస్తే దిద్దుకుని, పని దగ్గర మాత్రం మెత్తబడని అధికారి దొరకడం అదృష్టం. నాకు తర్వాత దొరికినవాళ్ళలో చాలామంది ఇందుకు తలకిందులు.

మళ్ళీ అదే గుమ్మం

చెయ్యి మానేదాకా ఆగాం. మానింది. అప్పన్న మాత్రం మానలేదు. అన్నం ముందు కూర్చుని కుడి చెయ్యి చూసుకునేవాడు. దిగాల్సిన రోజు పొద్దున్న పడవ మీద దుస్తులు తొడుగుతుంటే వేసిన బూటుని మళ్ళీ విప్పేశాడు. పంపువాళ్ళు చూడకుండా నేను అడ్డం నిలబడ్డాను.

"ఒరే నాయుడూ, నానెల్లిపోతాన్రా" అన్నాడు మెల్లిగా.

"ఎక్కడికి?"

"మా ఊరు. బావులున్నాయి గదా. బావిలో కప్పలే ఉంటాయి."

"నువ్వెల్లిపోతే నాను మాత్రం ఇక్కడేటి సేస్తాన్రా?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఆ రేవులో, ఆ తెలియని భాషల ఓడల మధ్య, సాయంత్రం కూర్చుని మా ఊళ్ళ మాటలు మాట్లాడుకోవడానికి నాకు అతనొక్కడే ఉన్నాడు. అతనికి నేనొక్కణ్ణే ఉన్నాను.

ఖాదర్ మేస్త్రి విన్నాడో, వినబడక ఊహించాడో తెలియదు. వచ్చి అప్పన్న పక్కన కూర్చుని అతని రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "బేటా, ఆ రోజు నువ్వు ఆడి గుమ్మంలో నిలబడ్డావు. ఇయ్యాల పక్కన నిలబడు. సేతులు సంకల్లో ఎట్టు. ఆడిల్లు మనం మూసేస్తన్నాం, ఎల్లడానికి దారియ్యాలి గదా. ఆడు బయటికెల్లకుండా సిల్లు మూస్తే, నీళ్ళు తోడినప్పుడు లోపలే సస్తాడు. నీకూ ఆడికీ ఇద్దరికీ దారి కావాలి."

 అప్పన్న టోపీ వైపు చూసి తల వంచాడు. మేమే తొడిగాం.

ప్రాణతాడు నా చేతిలో ఉంది. నాకు ఇప్పటికీ అరచేతుల్లో ఆ తాడు బరువు తెలుస్తుంది. పోలయ్య పెట్టె దగ్గర కూర్చుని చుట్ట వెలిగించుకోవడం మానేశాడు. పెట్టెలో అప్పన్న ఊపిరి వినబడుతోంది, గానుగెద్దు రొప్పినట్టు. "గుమ్మం కాడికొచ్చేను" అన్నాడు. "పక్కకెల్లు బాబూ" అన్నాడు పోలయ్య. "ఎల్లేను."

తర్వాత మాట లేదు. ఊపిరి మాత్రం ఉంది. మేనేజరు కూడా ఆ రోజు పడవ మీదికి వచ్చి మా వెనక నిలబడ్డాడు. పంపు చక్రం తప్ప ఏ చప్పుడూ లేదు.

ఉన్నట్టుండి పెట్టెలో 'ధుమ్' అంది. అప్పన్న ఊపిరి ఆగిపోయింది. నా చేతులు వాటంతటవే తాడుని బిగించాయి.

"లాగకు" అన్నాడు ఖాదర్ మేస్త్రి.

"అప్పన్నా" అని నేను అరిచాను. పోలయ్య నా మోకాలి మీద చెయ్యి వేశాడు. కింద నుంచి జవాబు లేదు. ఇంకా లాగకుండా ఎలా ఉన్నానో నాకు తెలియదు. మేస్త్రి మాట మీద ఉన్నాను, అంతే.

అప్పుడు పెట్టెలో ఊపిరి మొదలైంది. ఒక పెద్ద ఊపిరి, వెనకే ఇంకొకటి. తర్వాత అప్పన్న గొంతు. 

"మేస్త్రీ గారూ. నా అద్దం ముందరే ఆగిందండి. నన్ను సూసింది. ఎంత పెద్ద కళ్ళండి దానివి." ఊపిరి పీల్చి మళ్ళీ అందుకున్నాడు. "రాళ్ళకట్ట వేపు ఎల్లిపోనాదండి. గది కాళీ. బొంత బయటికెల్లిపోనాది, ఇంక బొంత దించండి."

పంపు తిప్పేవాళ్ళు ఒక్కళ్ళూ నవ్వలేదు. పోలయ్య తారు పూసిన బొంతని రెండు చేతులా ఎత్తి, పసిబిడ్డని అందించినట్టు, నీళ్ళలోకి దించాడు.